కొసరు సంతకం

నగర ప్రజలకు తెలియజేయడమేమనగా, టొలీడో బాస్కెట్‌బాల్ జట్టు ప్రధాన ఆటగాడు శ్రీ ఖలీల్ వెదర్స్‌బీ గారు మంగళవారం సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాల నుంచి సంతోషంగా లేరు.

ఈ ప్రకటన రాసింది నేనే. నా పేరు గస్ హద్దాద్. ఇరవై రెండేళ్ళుగా ఈ జట్టుకి ప్రకటనలు రాసిపెట్టడం నా ఉద్యోగం. గెలిస్తే ఎందుకు గెలిచామో, ఓడితే అది కూడా ఒక రకం గెలుపు ఎలా అవుతుందో రాస్తాను. రెండో రకం రాయడంలో నాకు మంచి అనుభవం ఉంది.

సంతోషంగా లేనని ఖలీల్ గారు నోటితో అనలేదు. అనకూడదు కూడా. నన్ను వేరే జట్టుకి బదిలీ చెయ్యండి అని ఆటగాడు బాహాటంగా అడిగితే మా లీగ్ జరిమానా వేస్తుంది. అందువల్ల ఎవరూ అడగరు, అందరికీ తెలిసేలా మౌనంగా ఉంటారు. మంగళవారం సాయంత్రం ఆయన అభిమానులు చూసే తన ఫోన్ పేజీలోంచి మా జట్టు చొక్కా కనిపించే ఫొటోలన్నీ తీసేశారు. మిగిలినవి రెండు. ఒకటి ఆయన కుక్కది, రెండోది సముద్రానిది. కుక్క టొలీడోలోనే ఉంటుంది. సముద్రం ఉండదు. మాకున్నది ఈరీ సరస్సు. ఫిబ్రవరి నెల కనక అది గడ్డకట్టి ఉంది.

అరగంటలో డగ్ ఓస్టర్‌మన్ గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. ఓస్టర్‌మన్ గారు మా జనరల్ మేనేజర్. జట్టులో ఎవరుండాలో ఎవరు పోవాలో నిర్ణయించే సర్వాధికారం ఆయనదే. ఏది నిర్ణయించాలన్నా ముందు ఖలీల్‌ని అడుగుతారు. ఈసారి ఖలీల్ విషయమే నిర్ణయించాల్సి రావడంతో ఎవర్ని అడగాలో తోచక, పాపం, ఆయన ముఖం వాడిపోయింది.

ఇందులో యాజమాన్యం లోపం ఏమీ లేదని చరిత్ర సాక్ష్యం చెబుతుంది. ఆరేళ్ళలో ఖలీల్ సంతోషం కోసం నలుగురు కోచ్‌లను మార్చాం. మొదటి ఆయన ఈల గట్టిగా వేసేవాడు. రెండో ఆయన అసలు వేసేవాడు కాదు, దాంతో జట్టులో క్రమశిక్షణ పోయిందని ఖలీల్ బాధపడ్డారు. మూడో ఆయన్ని ఖలీలే కోరి తెప్పించుకున్నారు. ఆయన మీద నమ్మకం పోవడానికి పదకొండు రోజులు పట్టింది. నాలుగో ఆయన ప్రస్తుతం ఉన్నాడు, సామాను మాత్రం కారులోనే ఉంచుకున్నాడు. ఖలీల్ చిన్ననాటి స్నేహితుణ్ణి జట్టులోకి తీసుకున్నాం. అతనికి బంతి పట్టుకోవడం రాదు గానీ ఖలీల్ జోకులకి సమయానికి నవ్వడం వచ్చు. ఖలీల్ మంగలికి 'శిరోవ్యవహారాల సంచాలకుడు' అని కొత్త పదవి సృష్టించి, విమానంలో కిటికీ పక్క సీటు కేటాయించాం. ఇంత చేసినా మనిషి సముద్రం ఫొటో ఉంచాడంటే ఇక మిగిలింది సముద్రమే.

ఆ పని నగరపాలక సంస్థ తన భుజాల మీద వేసుకుంది. మేయర్ లొరెయిన్ కోవాచ్ గారు నలభై లారీల ఇసక తెప్పించి మామీ నది ఒడ్డున పోయించారు. రెండు ప్లాస్టిక్ తాడిచెట్లు పాతించారు. ఇసక ఆ రాత్రికే గడ్డకట్టింది, జనం దాని మీద జారుడు ఆటలాడుకున్నారు. తాడిచెట్లలో ఒకటి గాలికి లేచి అవతలి ఒడ్డుకి చేరింది. టొలీడోలో చలికాలం అనేది తాత్కాలిక పరిణామం మాత్రమేనని నగరసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చదువుతున్నప్పుడు మేయర్ గారి నోట్లోంచి ఆవిరి వస్తూనే ఉంది.

"మనిషి ఎక్కడ పనిచెయ్యాలో, ఎక్కడ బతకాలో ఎంచుకోవడం దేవుడిచ్చిన హక్కు," అని ఆవిడ ఆ గడ్డ ఇసక మీద నిలబడి ప్రసంగించారు. "ఖలీల్ యంత్రం కాదు. అతనికీ ఒక మనసుంది. ఆ మనసు కష్టపడుతుంటే టొలీడోలో ఒక్క తల్లి కూడా ముద్ద మింగలేదు!" జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ వాక్యాలు రాసింది కూడా నేనే. నా రచనల్లో అవి మేలైనవని ఇప్పటికీ నా అభిప్రాయం.

బుధవారం పొద్దున్నే ఖలీల్ ఏజెంటు మార్టీ ఫెల్డ్‌కాంప్ మూడు ఫోన్లతో దిగాడు.

"మా వాడికి పట్టింపులేం లేవండీ, ఏ ఊరైనా సర్దుకుపోతాడు. జాబితా ఇదిగో," అన్నాడు.

ఓస్టర్‌మన్ గారు చూశారు. "ఇందులో శాన్ డియేగో ఒక్కటే ఉందేమిటయ్యా?"

"కాగితం తిప్పండి సార్."

వెనక పక్క 'శాన్ డియేగో కుదరని పక్షంలో' అని శీర్షిక ఉంది. దాని కింద శాన్ డియేగో అని రాసి ఉంది.

"శాన్ డియేగోనే ఎందుకు?"

"కుటుంబానికి దగ్గరగా ఉండాలని వాడి కోరిక సార్. తల్లిని వదిలి ఉండలేడు."

ఖలీల్ తల్లి టొలీడోలోనే, ఖలీల్ ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ ఇబ్బందిని ముందే ఊహించి ఆవిణ్ణి సోమవారమే శాన్ డియేగో పంపించేశారు. అంచేత బుధవారం నాటికి అది న్యాయమైన కోరికే.

అయినా ఓస్టర్‌మన్ గారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "మనం బెట్టు చేద్దాం. వేరే జట్లు కూడా ఎగబడుతున్నాయని పుకారు పుట్టిద్దాం," అన్నారు. పుట్టించాను. ఆరు జట్లు నిజంగానే ఫోన్ చేశాయి. ఆ ఆరింటికీ ఫెల్డ్‌కాంప్ తిరిగి ఫోన్ చేసి, మావాడు తప్పకుండా వస్తాడు, అయితే నడుం రాదు, అని చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఖలీల్‌కి నడుం నొప్పి మొదలైంది. మా డాక్టరు గంటసేపు పరీక్షించి, 'నొప్పి ఉన్నమాట వాస్తవం, నడుములో మాత్రం లేదు' అని నివేదిక ఇచ్చాడు. ఆరు జట్లూ తప్పుకున్నాయి.

కొనేవాడు ఒక్కడే మిగిలాడని శాన్ డియేగోకి తెలిసిపోయింది. వాళ్ళు ఖలీల్‌కి బదులుగా ముగ్గురు ఆటగాళ్ళని ఇస్తామన్నారు. ఒకాయనకి మోకాలు ఆపరేషన్ అయింది. రెండో ఆయనకి కావాలి. మూడో ఆయనకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు. వీళ్ళు కాక, ఏడేళ్ళ తర్వాత లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్ళలో ఒకణ్ణి ముందుగా ఎంచుకునే హక్కు కూడా ఇస్తారట. అయితే ఆ ఏడు శాన్ డియేగో అన్ని జట్లలోకీ అడుగున ఉండాలి. లేకపోతే ఆ హక్కు ఒక అభినందన లేఖగా మారుతుంది. "చారిత్రకం!" అన్నారు ఓస్టర్‌మన్ గారు. నేను రాసుకున్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. మా లీగ్‌లో బదిలీ జరగాలంటే, పంపేవాళ్ళ జీతాలూ తెచ్చుకునేవాళ్ళ జీతాలూ దాదాపు సరితూగాలి. లెక్క చూస్తే మా వైపు తక్కెడ కాస్త తేలింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. కూరగాయల బేరం కుదిరాక పైన కొత్తిమీర కట్ట ఒకటి వేస్తారు కదా, అలా ఒక మనిషిని వేస్తారు. అధికార పత్రాల్లో దీనికి ఏదో గౌరవమైన పేరుంది. మేము కొసరు అంటాం.

మా కొసరు పదమూడో కుర్చీలో కూర్చుంటాడు. ఆట జరుగుతున్నప్పుడు ఆటగాళ్ళకి కోర్టు పక్కన కుర్చీలు వేస్తారు. కోచ్‌కి దగ్గరది మొదటి కుర్చీ. పదమూడోది మంచినీళ్ళ డబ్బాకి దగ్గర. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి, ముప్పై నాలుగేళ్ళు. జట్టు ఇరవై పాయింట్లు గెలుస్తున్నప్పుడో, ముప్పై పాయింట్లు ఓడుతున్నప్పుడో చివరి రెండు నిమిషాలు ఆడతాడు. పదకొండేళ్ళలో తొమ్మిది ఊళ్ళు తిరిగాడు. ప్రతిచోటా కొసరుగానే వచ్చాడు, కొసరుగానే పోయాడు. ఒక బదిలీ సంగతి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని ఉండగా గోడ మీద టీవీలో చూశాడట. అయ్యో అనడానికి కూడా వీల్లేకపోయింది. బదిలీ అయినవాడి సామాను లాకర్లోంచి తీసి నల్ల చెత్త సంచిలో వేసి గుమ్మంలో పెట్టడం మా లీగ్‌లో ఆనవాయితీ. తెల్లారేసరికి కొత్త ఊరు, కొత్త చొక్కా. ఖలీల్‌కైతే ప్రయాణాల్లో సామాను మొయ్యడానికి ఒక ప్రత్యేక ఉద్యోగి ఉన్నాడు.

బదిలీలకి ఆఖరి గడువు గురువారం మధ్యాహ్నం మూడు గంటలు. గురువారం పన్నెండున్నరకి ఖలీల్ వీడ్కోలు ప్రకటన నా దగ్గర సిద్ధంగా ఉంది. ఊరు అప్పటికే వెక్కి వెక్కి ఏడ్చి, ఆ ఏడుపు అయ్యాక ఏడేళ్ళ తర్వాత రాబోయే కుర్రాడి మీద ఆశలు పెంచుకోవడం మొదలుపెట్టింది. ఆ కుర్రాడికి ప్రస్తుతం పన్నెండేళ్ళుంటాయి, ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. అయినా వాడు ఖలీల్ కంటే వినయవంతుడని రేడియోలో చెప్పుకుంటున్నారు.

అప్పుడు మా న్యాయవాది ప్రిసిల్లా ఓట్స్ లావాటి నిబంధనల పుస్తకం పట్టుకుని లోపలికొచ్చింది.

"సార్, ఇంకో సంతకం కావాలి."

"ఖలీల్ చేశాడుగా!"

"ఖలీల్‌ది కాదు సార్. కొసరుది."

గదిలో అందరూ నవ్వారు. ప్రిసిల్లా నవ్వలేదు. ఒక ఏడు మన దగ్గర ఆడినవాణ్ణి మళ్ళీ ఒకే ఒక్క ఏడాదికి తీసుకుంటే, ఆ ఏడాదిలో అతని అనుమతి లేకుండా అతన్ని కదపడానికి వీల్లేదని ఆ పుస్తకంలో ఉందట. ఎప్పుడు, ఎవరి కోసం పెట్టారో ఎవరికీ జ్ఞాపకం లేదు. కాదనే హక్కు మా జట్టులో ఖలీల్ ఒక్కడికే ఉందనుకుంటున్నాం. దాన్ని సంపాదించడానికి ఆయన ఏజెంటు పద్దెనిమిది రోజులు బేరమాడాడు. కొసరుకి మాత్రం ఓస్టర్‌మన్ గారే చేజేతులా ఇచ్చారు. పోయిన వేసవిలో కొసరు రెండేళ్ళ ఒప్పందం అడిగాడు. రెండేళ్ళిస్తే ఇల్లూ వాకిలీ చూసుకుని స్థిరపడిపోతాడేమోనని భయపడి ఓస్టర్‌మన్ గారు ఒక్క ఏడాదే ఇచ్చారు. తవ్వుకున్న గోతిలో ఎవరు పడతారో మీకు చెప్పక్కర్లేదు.

"దానికేముంది, పట్రండి కాగితం. సంతకానికి ఎంతసేపు!" అన్నారు ఓస్టర్‌మన్ గారు. తొందరలో అనుమతి పత్రంలో ఆటగాడి పేరు రాయాల్సిన గీత ఖాళీగానే వదిలేశాం. ఆయనే నింపుకుంటాడులే అనుకున్నాం.

పాయింట్ ప్లేస్ పేటలో సరస్సుకి దగ్గరగా ఒక అద్దె ఇల్లు. ఓస్టర్‌మన్ గారూ, ప్రిసిల్లా, మోకాలు వాచిన నేనూ మంచులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి తలుపు కొట్టాం. కొసరు భార్య రొషెల్ తలుపు తీసింది. మా ముఖాలు చూసింది. రండి అనలేదు, కూర్చోండి అనలేదు.

"ఏ ఊరు?" అంది.

లోపల కొసరు గోడకి పళ్ళేల అర బిగిస్తున్నాడు. అంత పొడుగు మనిషికి బల్ల అక్కర్లేదు. కింద అట్టపెట్టెల్లో పెళ్ళినాటి పింగాణీ పళ్ళేలు. ఒక్కో పళ్ళేనికి ఒక్కో ఊరి వార్తాపత్రిక చుట్టి ఉంది. ఆరు పళ్ళేలు విప్పి కడిగి వరసగా ఆరబెట్టి ఉన్నాయి.

"అదృష్టమంటే నీదయ్యా!" అన్నారు ఓస్టర్‌మన్ గారు. "శాన్ డియేగో! ఎండ! సముద్రం!"

"మంచిదండీ. వెళ్ళిరండి."

"మేం కాదు బాబూ, నువ్వు! ఖలీల్‌కి తోడుగా."

కొసరు మర మేకు నోట్లోంచి తీశాడు. "అక్కడ నన్నుంచుకుంటారాండీ?"

ఓస్టర్‌మన్ గారు ఇంటి కప్పు వంక చూశారు. "ఉంచుకోవడం అని కాదు... అట్నుంచటే ఇంకో ఊరు పంపే ఆలోచన ఉన్నట్టుంది."

"ఏ ఊరు?" అంది రొషెల్ మళ్ళీ.

"ఆ ఊరివాళ్ళకే ఇంకా తెలీదమ్మా."

"మా ఇమాని మూడో తరగతి చదువుతోందండీ," అంది రొషెల్. "మూడేళ్ళలో ఇది నాలుగో బడి. చేరిన బడిలోనల్లా లెక్కలు మొదట్నుంచి మొదలుపెడతామంటారు. మొదట్నుంచంటే కూడికలు. అవి అయ్యేలోపల మీరొస్తారు. నా పిల్ల తీసివేతలు ఎప్పుడు నేర్చుకుంటుందండీ? తొమ్మిది ఊళ్ళు తిరిగి అది నేర్చుకున్నది ఒక్క కూడికేనా?"

ఓస్టర్‌మన్ గారు గబగబా అనుమతి పత్రం ముందుకి చాపారు. కొసరు కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"ఇందులో నేను ఒప్పుకుంటే అని ఉందేమిటండీ?"

"మామూలుగా అలా రాస్తారులే."

"ఒప్పుకోకపోతే?"

"బదిలీ ఆగిపోతుంది," అంది ప్రిసిల్లా. ఆ పిల్లకి అబద్ధాలు అలవాటు కాలేదు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే.

"ఎవరి బదిలీ? నాదా?"

"మీదీ, ఖలీల్‌దీ, ఆ ముగ్గురిదీ. మొత్తం."

"నేను ఒప్పుకోకపోతేనా?"

"మీరు ఒప్పుకోకపోతేనే."

కొసరు పక్కనున్న అట్టపెట్టె మీద కూర్చుండిపోయాడు. పదకొండేళ్ళలో అతన్ని ఎవరూ ఏదీ అడగలేదు. అడిగారని నమ్మకం కుదిరేసరికి ముందు భయపడ్డాడు, తర్వాత అతని ముఖంలోకి ఎంత సంతోషం వచ్చిందంటే చూడ్డానికి నాకే సిగ్గేసింది.

"అయితే చెయ్యనండీ."

"కారణం?"

"ఇక్కడ సంతోషంగా ఉన్నాం."

"నువ్వా!" అన్నారు ఓస్టర్‌మన్ గారు. ఆయన కోపగించుకోలేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. పదమూడో కుర్చీ నుంచి సంతోషం గురించి సమాచారం రావడం మా సంస్థ చరిత్రలో అదే మొదటిసారి. అది నమోదు చేసుకోవడానికి మా దగ్గర పత్రం కూడా లేదు.

రెండు గంటలకి ఖలీల్ స్వయంగా వచ్చారు. నడుం నొప్పి ఉన్నా ఆ మంచులో మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. వెనకే ఫెల్డ్‌కాంప్.

"అన్నా, ఏం కావాలో చెప్పు," అన్నాడు ఖలీల్. "కారా? పడవా? మా మంగలి కావాలా? తీసుకో, ఇచ్చేస్తా."

"ఏమీ వద్దు తమ్ముడూ. ఉన్నచోట ఉండనిస్తే చాలు."

"నా సంతోషం గురించి కొంచెం కూడా ఆలోచించవా అన్నా?"

"ఊరంతా ఆ పని మీదే ఉంది కదరా. నేనొక్కణ్ణి ఇవాళ సెలవు పెడతాను."

రొషెల్ పకాలున నవ్వింది. ఖలీల్‌కి నవ్వు రాలేదు. తన జోకు కాని జోకుకి మనుషులు నవ్వడం ఆయన చాలా ఏళ్ళుగా చూడలేదు.

"నీకు కాదనడం ఎవరు నేర్పారన్నా?"

"నువ్వే. రోజూ పక్కనుండి చూస్తున్నాగా. ముందు బాగా మౌనంగా ఉండాలి, అంతే కదా?"

ఖలీల్ ఆ అట్టపెట్టెల వంక చూశాడు. ఒక పళ్ళెం చేతిలోకి తీసుకుని, దాని చుట్టూ ఉన్న పాత పత్రికలో తారీఖు చదివాడు. "నిన్ను ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు తమ్ముడూ. ఇదే మొదలు."

ఆయన ఏదో అనబోయాడు. అంటాడనే నాకనిపించింది. ఈలోగా ఫెల్డ్‌కాంప్ మూడు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఖలీల్ పళ్ళేన్ని జాగ్రత్తగా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికే ఊరికి తెలిసిపోయింది. నిన్నటిదాకా ఖలీల్ వెళ్ళిపోతున్నాడని ఏడ్చిన ఊరు, ఇప్పుడు వెళ్ళనివ్వడం లేదని ఏడవడం మొదలుపెట్టింది. ఏడేళ్ళ తర్వాతి కుర్రాడి చొక్కాలు కొందరు అప్పటికే కుట్టించుకున్నారు. మేయర్ గారు మళ్ళీ ఆ ఇసక మీదకే వచ్చి నిలబడ్డారు. సమయం తక్కువగా ఉండటంతో పాత ప్రసంగంలోనే నేను నాలుగు మాటలు మార్చి ఇచ్చాను.

"సంతోషం ఎవరి ఇంట్లో వాళ్ళు చూసుకోవలసిన విషయం," అన్నారు ఆవిడ. "ఉద్యోగం ఉద్యోగమే. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవడమే పనిచేసేవాడి ధర్మం. ఒక్కడి స్వార్థం వల్ల టొలీడోలో ఒక్క తల్లి కూడా ముద్ద మింగలేదు!" జనం మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మాత్రం మొదటిసారి కంటే ఎక్కువ వచ్చాయి.

రేడియోకి ఫోన్లు ఆగలేదు. "పేరు కూడా తెలీనివాడు మన భవిష్యత్తుకి అడ్డం పడతాడా?" అని ఒకాయన గర్జించాడు. ఆ తర్వాత ఇంకొకాయన లైన్లోకి వచ్చాడు. "నేను గాజు కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు చేశానండీ. కార్ఖానాని మెక్సికోకి మారుస్తున్నామని గేటు మీద కాగితం అంటించారు. నన్నెవడైనా అడిగాడా? మరి వీణ్ణెందుకు అడగాలి?" అన్నాడు. "మరి ఖలీల్‌ని ఎందుకు అడిగారండీ?" అంది రేడియో అమ్మాయి. "ఖలీల్ వేరమ్మా. వాడు మనవాడు," అన్నాడాయన. ఆ మాట నిజమేనని ఆ తర్వాత ఫోన్ చేసిన పద్నాలుగు మంది ఒప్పుకున్నారు.

మూడు గంటలు కొట్టింది. సంతకం రాలేదు. బదిలీ చచ్చిపోయింది. పాయింట్ ప్లేస్‌లో రొషెల్ ఏడో పళ్ళెం విప్పిందని తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున్న మా జట్టు కొసరుని పనిలోంచి తీసేసింది. బదిలీకి సంతకం కావాలి గానీ, తీసెయ్యడానికి అక్కర్లేదట. ప్రిసిల్లా ఆ పుస్తకం మూడుసార్లు చదివి, బాధపడుతూనే చెప్పింది. నల్ల సంచి గుమ్మంలో పెట్టారు. ప్రకటన నేనే రాశాను. 'జట్టు ఒక ఆటగాడికి కృతజ్ఞతలు తెలుపుతున్నది' అని ఒకే వాక్యం. వేసవిలో లీగ్ పెద్దలూ ఆటగాళ్ళ సంఘం పెద్దలూ కూర్చుని ఆ పాత నిబంధనని పుస్తకంలోంచి తొలగించారు. ఇలాంటివి పొరపాటున కూడా ఎవరి చేతికీ చిక్కకూడదు కదా. సంఘం తరఫున మొదటి సంతకం ఖలీల్ గారిది. జూలైలో ఆయన శాన్ డియేగో వెళ్ళారు. ఆయనతో పాటు ఇంకో కొసరు వెళ్ళాడు, అతన్ని ఎవరూ అడగలేదు. మోకాళ్ళ త్రయం మా ఊరు వేంచేసింది.

డిసెంబరులో ఖలీల్ ఫోన్ పేజీలో ఒక ఫొటో కనిపించింది. మంచు. సముద్రం ఫొటోలన్నీ మాయమయ్యాయి. ఆ పూటే మేయర్ గారు నది ఒడ్డున ఇసక ఎత్తించెయ్యమని ఆజ్ఞాపించారు. చలికాలం టొలీడో సంస్కృతిలో విడదీయరాని భాగమని నగరసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

పోయిన వారం పాయింట్ ప్లేస్ కిరాణా కొట్టులో పాల సీసాల దగ్గర నుంచుని ఉంటే పైనుంచి ఎవరో పలకరించారు.

"గస్ గారూ, బాగున్నారా? మీ మోకాలు వాపు తగ్గిందా?"

కొసరు! ఆ ఇల్లు వదల్లేదట. బళ్ళో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాడు. పళ్ళేలన్నీ అరలోకి ఎక్కాయట. ఇమాని తీసివేతలు దాటి గుణకారాలు కూడా అయి, భాగహారంలోకి వచ్చిందని ఎంత గర్వంగా చెప్పాడో! నాకు నిజంగా ఆనందమేసింది. పేరు పెట్టి పలకరిద్దామని నోరు తెరిచాను. పేరు రాలేదు. అతను మా జట్టులోకి వచ్చినప్పుడు ప్రకటన రాసింది నేను, పోయినప్పుడు రాసింది నేను. అతని ఇంటికి తీసుకెళ్ళిన కాగితంలో గీత ఖాళీగా వదిలిందీ నేనే. "మీరూ బాగున్నారా?" అనేసి పాల సీసా పట్టుకుని బయటపడ్డాను.

నవ్వకండి. ఖలీల్ ఇంటిపేరు మీకు తెలుసు. అతని తల్లి ఎక్కడుందో, మంగలి పదవి ఏమిటో, కుక్క ఏ ఊళ్ళో ఉంటుందో కూడా తెలుసు. ఈ మనిషి ఇంట్లోకి నాతో పాటు మీరూ వచ్చారు, పళ్ళేలు చూశారు, భార్య పేరూ కూతురి పేరూ విన్నారు, సంతకం పెట్టనన్నప్పుడు లోలోపల శభాష్ అనుకునే ఉంటారు. మరి ఇంతసేపట్లో ఒక్కసారైనా, అవునుగానీ గస్, ఇంతకీ ఆయన పేరేమిటి, అని అడిగారా?